చందాదారుల పట్టీ ఎవరిది? తెలుగు అంతర్జాల రచనలో పాఠకవర్గం, ఆదాయం: ఒక చారిత్రక పరిశీలన

ఆధునిక తెలుగు సాహిత్య చరిత్రలు రచయిత ఏమి రాశాడు, ఎందుకు రాశాడు అన్న ప్రశ్నలను విస్తారంగా చర్చించాయి. ఏమి తిని రాశాడన్న ప్రశ్నకు మాత్రం సమాధానం స్వీయచరిత్రల్లోనో, ముందుమాటల్లోనో, కృతజ్ఞతా వాక్యాల్లోనో వెతుక్కోవలసి వస్తుంది. సంస్థానాల వార్షికాలు, అవధానాల సన్మానాలు గురించి మనకు కొంత తెలుసు. తిరుపతి వేంకట కవుల సంస్థాన యాత్రలు సాహిత్య చరిత్రలో భాగమయ్యాయి కూడా. పాఠకుడి జేబులోంచి రచయితకు నేరుగా చేరిన డబ్బు గురించి తెలిసినది తక్కువ. అంతర్జాలంలో రాసి సంపాదించడం గత పదిహేనేళ్లలో పుట్టిన వింత అన్నట్టుగా మాట్లాడడానికి ఈ లోటు కూడా ఒక కారణం.

రచన ద్వారా ఆదాయం రావడానికి ఎప్పుడైనా రెండు ఏర్పాట్లు ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదన. మొదటిది, చిన్న మొత్తం పాఠకుడి నుంచి రచయితకు చేరే దారి. రెండోది, ఆ పాఠకులు ఎవరో, ఎక్కడున్నారో తెలిపే పట్టీ. తెలుగు అంతర్జాల రచనలో మొదటిది చాలా ఆలస్యంగా వచ్చింది. రెండోది రచయిత చేతికి ఇంకా రాలేదు.

అచ్చు యుగంలో ఈ రెండూ ఎలా సమకూరాయో ముందుగా చూడాలి. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధనిని ప్రారంభించారు. రాజశేఖర చరిత్రము 1878లో అందులోనే ధారావాహికగా వెలువడి, 1880లో పుస్తకమయింది. అదే కాలంలో తపాలా శాఖ చేసిన రెండు మార్పులను సాహిత్య చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. 1877లో వి.పి.పి. పద్ధతి, 1880లో మనియార్డరు వచ్చాయి. రాజమండ్రిలో అచ్చయిన పుస్తకాన్ని బళ్లారిలో ఉన్న పాఠకుడు ఏజెంటు లేకుండా తెప్పించుకోవడం, పావలా, అర్ధరూపాయి వెలలను కూడా దూరం నుంచి వసూలు చేసుకోవడం దీనితో సాధ్యమయింది. చందాలు బాకీ పడేవి, సంపాదకులు పత్రికాముఖంగా వేడుకొనేవారు, అది వేరే సంగతి. బాకీ పడిన చందాదారు పేరు, ఊరు సంపాదకుడి దగ్గర ఉండేవి. ఆ సంపాదకుడే తరచు రచయిత కూడా. పట్టీ అతని బల్ల సొరుగులోనే ఉండేది.

1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి పుస్తకాన్ని ముందే నమోదైన పాఠకుల దగ్గరికి చేర్చే పద్ధతిని స్థిరపరిచింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. 1924లో భారతిని స్థాపించారు. వాటి వెనుక అమృతాంజనం వ్యాపారం అండగా నిలిచింది. పత్రికను పాఠకుడి చందా ఒక్కటే పోషించలేదు, వేరే సరుకు మీద వచ్చిన లాభమూ పోషించింది. నేటి అంతర్జాల వేదికల లెక్కలు చూసినప్పుడు ఈ విషయం గుర్తుంచుకోదగినది.

వారపత్రికల కాలానికి పట్టీ చేతులు మారింది. 1960 తర్వాత యద్దనపూడి సులోచనారాణి వంటి రచయిత్రుల ధారావాహికలు, 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం, పత్రికల అమ్మకాలను శాసించాయి. ఎమెస్కో ఇంటింటి గ్రంథాలయ పథకం నవలను నెలవారీ అలవాటుగా మార్చింది. రచయితకు పారితోషికం వచ్చింది, పేరు వచ్చింది, సినిమా హక్కులు కూడా వచ్చాయి. పాఠకుల చిరునామాలు మాత్రం పత్రిక కార్యాలయంలోనే ఉండిపోయాయి. ఉత్తరం కూడా మొదట సంపాదకుడికి చేరి, ఆ తర్వాతే రచయితకు వచ్చేది. ఇక అద్దె పుస్తకాల దుకాణంలో ఒక ప్రతిని వందమంది చదివినా రచయితకు దక్కేది ఒక్క ప్రతి మీది రాయల్టీయే. ఈ తరంలో ఈ ఏర్పాటు నుంచి బయటపడినవారిలో రంగనాయకమ్మ ముఖ్యులు. సొంత ప్రచురణ, తక్కువ వెల, పాఠకుడితో నేరు సంబంధం అన్న పద్ధతిని ఆమె సిద్ధాంతంగా పాటించారు. ఆమె రచనల మీద జరిగిన చర్చలో వెయ్యోవంతు కూడా ఆమె పుస్తకాల వెలల మీద జరగలేదు.

ఉచితమే విలువ

అంతర్జాలంలో తెలుగు సాహిత్యానికి పునాది వేసినవారు ఎక్కువగా అమెరికాలో స్థిరపడిన ఉద్యోగులు. 1998లో మొదలైన ఈమాట, 2007 నుంచి వస్తున్న కౌముది, 2013లో వచ్చిన సారంగ, వాకిలి వంటివి పాఠకుడి దగ్గర చందా తీసుకోలేదు. నిర్వాహకుల జీవిక వేరు, సాహిత్యం వేరు. ఉచితం అన్నది ఇక్కడ ఒక విలువగా స్థిరపడింది. వ్యాపార పత్రికలు నవలను నాశనం చేశాయన్న అభిప్రాయం ఆ తరం సాహిత్యాభిమానుల్లో బలంగా ఉండేది కాబట్టి, డబ్బు లేని చోటే మంచి రచన నిలుస్తుందన్న నమ్మకం సహజంగానే కుదురుకుంది.

దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. పుటల పరిమితి లేని వ్యాసం, ఛందస్సు మీద దీర్ఘచర్చ, రచన కిందనే పాఠకుడు అచ్చుతప్పును సైతం ఎత్తిచూపే సంప్రదాయం ఈ పత్రికలతో వచ్చాయి. నా తరం పరిశోధకులు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో దొరకని విషయాలను అక్కడే చదువుకున్నారు. 2006లో వచ్చిన కూడలి తెలుగు బ్లాగులను ఒకచోటికి చేర్చి, రాసినవాడు రాసిన రోజే చదువరిని చూసే వీలు కల్పించింది. కొద్ది వందలమందే కావచ్చు; కాని వారు వ్యాఖ్యల ద్వారా ఒకరినొకరు ఎరిగిన పాఠకులు.

ఉచితాన్ని ఆదర్శం అనడంలో కొంత కప్పిపుచ్చడం కూడా ఉంది. డబ్బు అక్కర్లేదన్న రచయితకే కాక, డబ్బు కావాలనుకున్న రచయితకు కూడా అప్పట్లో దారి లేదు. గూగుల్ ప్రకటనల సేవ ఆడ్‌సెన్స్ 2014లో హిందీకి, 2017లో బంగ్లాకు, 2018లో తమిళానికీ తెలుగుకూ వర్తించింది. అంతకుముందు తెలుగులో రాసే బ్లాగు ఆ సేవ నియమాల ప్రకారం అర్హమైనది కాదు. కూడలి వచ్చిన పన్నెండేళ్లకు తలుపు తెరుచుకునేసరికి బ్లాగులు చాలావరకు మూగబోయాయి, రచయితలు ఫేస్‌బుక్‌కు తరలిపోయారు. అలాగే 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ భారతీయ భాషల ఈబుక్కులను ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. తమిళ రచయిత తన నవలను తానే కిండిల్‌లో పెట్టి రాయల్టీ అందుకోవడం మొదలుపెట్టిన కాలంలో తెలుగు రచయితకు ఆ వీలు లేకపోయింది. తెలుగువారు డబ్బిచ్చి చదవరు అన్న మాట సభల్లో తరచు వింటాం. డబ్బిచ్చే కిటికీయే లేనిచోట పాఠకుడి స్వభావం మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

ఆ లోటును కొంత పూడ్చింది కినిగె. 2010లో హైదరాబాదు నుంచి మొదలైన ఈ సంస్థ తెలుగు ఈబుక్కుకు వెల ఉంటుందన్న భావనను అలవాటు చేసింది. పుస్తకాన్ని కొనడమే కాక కొద్ది రోజులకు అద్దెకు తీసుకునే పద్ధతి కూడా పెట్టింది. అద్దె దుకాణంలో లెక్కకు అందని చదువరి ఈ పద్ధతిలో లెక్కకు అందుతాడు. ఈ ఒక్క మార్పు మీదనే వేరే పరిశోధన జరగవలసి ఉంది.

ఇక్కడ ఒక చట్టవిషయం. పాత వారపత్రికలకు, ప్రచురణకర్తలకు హక్కులు రాసిచ్చిన రచయితల ఈబుక్కు హక్కు ఎవరిదన్న సందేహం తరచు వస్తుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించాలంటే అందులో దాన్ని ప్రత్యేకంగా పేర్కొని ఉండాలి. కాలపరిమితి రాయని హక్కుల బదిలీ ఐదేళ్లకే పరిమితమని చట్టంలో ముందునుంచే ఉంది.

విడిభాగానికి వెల

2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి కొన్నాళ్లకు తెలుగులోకి వచ్చింది. మొదట అంతా ఉచితమే. తర్వాత పాఠకుడు నచ్చిన రచనకు నాణేల రూపంలో కానుక ఇవ్వడం, అభిమాన రచయితకు నెలవారీ చందా కట్టడం, ధారావాహికలో కొత్త భాగాన్ని అందరికన్నా ముందు చదవడానికి చెల్లించడం వంటి ఏర్పాట్లు వచ్చాయి. విడిభాగానికి చిల్లర వెల కట్టే ఈ పద్ధతి చైనాలో 2003లోనే ఛీదియెన్ అనే సాహిత్య వేదిక మొదలుపెట్టినది. అక్కడ వెయ్యి అక్షరాలకు ఇంత అని లెక్క. తెలుగు పాఠకుడికి మాత్రం అది పరాయిగా తోచలేదు. 'వచ్చేవారం' అన్న మాట దగ్గర ఆగడం మన ఇళ్లలో రెండు తరాలకు అలవాటు. 2016లో మొదలైన యు.పి.ఐ. చెల్లింపులు అయిదు రూపాయలను కూడా ఫోన్లోంచి పంపగలిగేలా చేశాయి. 1880లో మనియార్డరు చేసిన పనిని ఈ కాలంలో ఇది చేసింది.

ఇలాంటి యాప్‌లలో తెలుగు ధారావాహికలు రాసేవారిలో చెప్పుకోదగ్గ భాగం స్త్రీలు. కుటుంబం, ప్రేమ, పెళ్లి, ఉమ్మడి ఆస్తి, అత్తింటి రాజకీయాలు ఎక్కువగా వస్తువులు. ఈ కథనాల నిడివి వందకు మించిన భాగాలదాకా సాగుతుంది. రోజూ ఒక భాగం రాయకపోతే పాఠకులు జారిపోతారు గనుక రచయిత్రి ప్రణాళిక వంటింటి గడియారంతో ముడిపడుతుంది. భాగం చివర ఒక ప్రశ్న అడగడం, వ్యాఖ్యకు పేరు పెట్టి బదులివ్వడం, పాఠకురాలిని 'అక్కా', 'చెల్లీ' అని పిలవడం ఇక్కడ అలంకారాలు కావు. పాఠకవర్గాన్ని నిలబెట్టుకునే పనిముట్లు. వాక్యం పొట్టిదవడం, ప్రతి భాగం మొదట నిన్నటి సన్నివేశం మళ్లీ రావడం, సంభాషణ పాలు పెరగడం మొదలైన శైలీ లక్షణాలను ఈ ఆదాయ పద్ధతితో కలిపి చూడాలి. విడదీసి చూస్తే అవి లోపాలుగానే కనిపిస్తాయి.

ఇదే తీర్పు ఇంతకుముందు ఒకసారి ఇచ్చాం. అరవై, డెబ్బై దశకాల రచయిత్రుల నవలలను కాలక్షేపం కింద కొట్టివేసిన విమర్శ, పురుషులు కూడా స్త్రీల పేర్లతో రాసేంత బలమైన పాఠకవర్గాన్ని వారు ఎలా తయారుచేశారని అడగలేదు. అడిగేనాటికి కాలం గడిచిపోయింది. యాప్ ధారావాహికలన్నీ గొప్పవని నా వాదన కాదు. వాటిలో చాలా భాగం చదవడానికి ఓపిక కావాలి. కాని తెలుగులో కేవలం చదువరుల చెల్లింపు మీద, కొద్దో గొప్పో, ఆదాయం పొందుతున్న కల్పనా రచయితలు ఈ రోజు ఎక్కువగా అక్కడే ఉన్నారు. ఆ విషయాన్ని తెలుగు శాఖలు పాఠ్యాంశంగా కాకపోయినా పరిశోధనాంశంగా తీసుకోవలసింది.

అయితే పట్టీ సంగతి ఇక్కడ మరింత జటిలం. యాప్ రచయిత్రికి ఎంతమంది అనుసరిస్తున్నారో సంఖ్య కనిపిస్తుంది, వారి చిరునామా కనిపించదు. ఆమె మరో వేదికకు మారితే పాఠకులు వెంట రారు; మళ్లీ మొదటి నుంచి కూడగట్టుకోవాలి. ఏ కథ ఎవరి కంట పడాలో నిర్ణయించే గణన సూత్రం సంస్థది. వారపత్రిక సంపాదకుడితోనైనా తగువు పెట్టుకోవచ్చు, ఉత్తరం రాయవచ్చు. సూత్రంతో తగువుకు అవకాశం లేదు.

దీనికి భిన్నమైన దారి ఒకటి ఫేస్‌బుక్ పరిసరాల్లో కనిపిస్తుంది. రచయిత ఏళ్ల తరబడి ఉచితంగా రాసి కొన్ని వేలమందిని సంపాదించుకుంటాడు. పుస్తకం వేసేముందు ప్రకటించి, ఫోన్ ద్వారా వెల ముందుగానే స్వీకరించి, చిరునామాలు ఒక కాగితం మీద రాసుకుని, తానే కవర్ల మీద అంటించి తపాలాకు పట్టుకెళతాడు. రచన చూపడానికి కొత్త మాధ్యమం, పంపడానికి పాత తపాలా. వీరేశలింగం నాటి పట్టీ తిరిగి రచయిత చేతికి వచ్చేది ఈ మార్గంలోనే. దాని బలహీనత కూడా తపాలాలోనే ఉంది. 2024 డిసెంబరులో తపాలా శాఖ పుస్తకాలకు తక్కువ రుసుముతో ఉన్న రిజిస్టర్డ్ బుక్‌పోస్టు సేవను నిలిపివేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ పేరుతో మరో సేవ వచ్చింది. ఆ నడుమ నెలల్లో నూరు రూపాయల కవితాసంపుటిని పంపడానికి వెలలో ఎంత భాగం తపాలాకే పోతుందో లెక్కవేసుకున్న కవులకు పాఠకవర్గం, ఆదాయం అన్న మాటలకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆకరాల సమస్య

ఈ చరిత్రను రాయడంలో అసలు చిక్కు ఆకరాలది. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కొన్ని నిర్ణీత గ్రంథాలయాలకు చేరాలి. మద్రాసులోని కన్నెమరా వాటిలో ఒకటి. యాప్‌లో మాత్రమే వచ్చిన నవల ఏ గ్రంథాలయానికీ చేరదు. నేను వివరాలు రాసుకున్న ఒక దీర్ఘ ధారావాహిక, దాని కింద వందలకొద్దీ వ్యాఖ్యలతో సహా, రచయిత్రి ఖాతా మూసుకోవడంతో ఒక్క రోజులో కనబడకుండా పోయింది. నా దగ్గర మిగిలినవి భాగాల సంఖ్యలు, తేదీలు, కొన్ని సంభాషణల గుర్తు.

వారపత్రికల కాలంలోనూ గ్రంథాలయాలు ధారావాహికలను సరిగా భద్రపరచలేదు. కాని చాలా ఇళ్లలో ఆడవాళ్లు పత్రికలోంచి ఆ పుటలు చించి, వరుసగా పేర్చి, బైండు చేయించుకున్నారు. బొమ్మలతో, మధ్యలో వచ్చిన సబ్బు ప్రకటనలతో సహా ఎన్నో నవలల మొదటి పాఠం ఈనాడు ఆ అటకల మీది బైండుల్లోనే దొరుకుతుంది. యాప్ పాఠకురాలు అలా దాచుకుందామన్నా, తెర మీది పాఠాన్ని నకలు తీసుకునే వీలును వేదికలు సాధారణంగా ఇవ్వవు. రచయితల హక్కుల రక్షణకు ఆ నిబంధన అవసరమే. రచయిత్రుల అనుమతితో, వేదికల ఒప్పుదలతో ఒక్కో సంవత్సరానికి కొన్ని ధారావాహికలనైనా వ్యాఖ్యలతో కలిపి విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో నిక్షిప్తం చేసుకోవడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. అందుకు ఎవరిని అడగాలి, ఏ షరతుల మీద అడగాలి అన్నది ఏ తెలుగు శాఖా ఇంతవరకు తన పనిగా భావించినట్టు కనిపించదు.