పట్టాలు పోయినా కట్ట మిగిలింది: ఇల్లినాయ్ ప్రెయిరీ బాట కథ

1957 జూలై 3. అమెరికాలోని షికాగో నగరానికి పడమటి శివారు ఊళ్ల నుంచి ఎప్పటిలాగే ఉదయం రైలెక్కి ఉద్యోగాలకు వెళ్లినవాళ్లకు సాయంత్రం ఇంటికి తిరిగిరావడానికి రైలు లేకుండా పోయింది. ప్రయాణికుల బండ్లు ఆపుకోవచ్చని కోర్టు అనుమతి ఇవ్వగానే, ఆ మధ్యాహ్నమే కంపెనీ వాటిని ఆపేసింది. సాయంత్రం దాకా కూడా ఆగలేదు.

ఆ రైలుమార్గం పేరు షికాగో అరోరా అండ్ ఎల్జిన్. 1902లో మొదలైన విద్యుత్ రైలు అది. దాన్ని దెబ్బతీసింది ఒక రోడ్డు. నగరంలోకి కొత్త ఎక్స్‌ప్రెస్ రహదారి వేయడానికి, ఈ రైళ్లు నగరం నడిబొడ్డుకు చేరే పట్టాలను తొలగించవలసి వచ్చింది. 1953 నుంచి ప్రయాణికులు శివారులోనే దిగి వేరే బండి మారవలసి వచ్చింది. దాంతో జనం తగ్గిపోయారు. 1959లో సరుకుల బండ్లు కూడా ఆగాయి. 1961లో మార్గాన్ని అధికారికంగా వదిలేశారు.

ఇక మిగిలింది కట్ట. రైలుకట్ట అంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. అందుకే రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు. ఇంజనీర్లు మిట్టను తవ్వి, పల్లాన్ని పూడ్చి, నూరు మీటర్లకు ఒకటి రెండు మీటర్లకు మించి వాలు లేకుండా చూస్తారు. మలుపులు విశాలంగా తిప్పుతారు. వాననీరు నిలవకుండా కట్టను ఎత్తుగా కడతారు. ఇవన్నీ రైలు కోసం చేసినవే. కానీ ముసలివాళ్లకు, సైకిలు తొక్కే పిల్లలకు, చక్రాల కుర్చీలో వెళ్లేవారికి ఇంతకన్నా అనువైన దారి ఎవరు వేసి ఇస్తారు?

ఈ సంగతి చూసినవారు మే థీల్‌గార్డ్ వాట్స్. ఆమె ప్రకృతి శాస్త్ర అధ్యాపకురాలు. షికాగో విశ్వవిద్యాలయంలో వృక్ష ఆవరణశాస్త్రాన్ని తీర్చిదిద్దిన హెన్రీ కౌల్స్ దగ్గర చదువుకున్నారు. మోర్టన్ ఆర్బొరేటం అనే వృక్షోద్యానంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఆమె పాఠాలు తరగతి గదిలో కన్నా కాలినడకన సాగినవే ఎక్కువ. 1963 సెప్టెంబరు 30న ‘షికాగో ట్రిబ్యూన్’ పత్రికలో ఆమె రాసిన ఉత్తరం అచ్చయింది. అప్పటికి ఆమె వయసు డెబ్బై.

ఉత్తరం సారాంశం ఇది. బ్రిటన్‌లో ఊళ్ల మధ్య, పొలాల మధ్య ఎవరైనా నడవడానికి హక్కున్న కాలిబాటలు ఉన్నాయి. మనకెందుకు ఉండకూడదు? ఈ పాడుబడ్డ రైలుమార్గం అలాంటి బాట కాగలదు. అయితే దాని కోసం ఇప్పటికే చాలా చేతులు చాచుకుని ఉన్నాయి, బుల్డోజర్లు సిద్ధంగా ఉన్నాయి, కాబట్టి ఆలస్యం చేయడానికి లేదు.

బ్రిటన్ బాటల గురించి మనకు వేరే వివరణ అక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, గుంటూరు వైపు డొంక అంటారు. బండ్లూ మనుషులూ తరతరాలుగా నడిచిన దారి, ఏ ఒక్కరిదీ కాని దారి. ఆ డొంకలు ఏమవుతున్నాయో కూడా పల్లెటూరి పిల్లలకు తెలుసు. పక్క చేను గట్టు ఏడాదికొక జానెడు లోపలికి జరుగుతుంది. ఏదో ఒకచోట ఎవరో ముళ్లకంచె వేస్తారు. పది మైళ్ల దారికి మధ్యలో పది గజాలు పోయినా అది ఇక దారి కాదు, రెండు ముక్కల నేల. వాట్స్ తొందరకు కారణం ఇదే. వాహనాలు నిలుపుకోవడానికి కొంత, ఇళ్లకు కొంత, రోడ్డుకు కొంత అని కట్టను ముక్కలు చేస్తే, మళ్లీ అతికించడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

ఉత్తరంతోనే పని జరిగిపోయిందని అనుకోకండి. పత్రికల్లో మంచి ఉత్తరాలు రోజూ వస్తాయి, మర్నాటికి పొట్లాలు కట్టడానికి పోతాయి. ఇక్కడ జరిగింది వేరు. వాట్స్ చుట్టూ చేరిన మిత్రులు, వారిలో ఎక్కువమంది గృహిణులు, ఊరూరా సంఘాల సమావేశాలకు వెళ్లి మాట్లాడారు, స్లైడ్లు చూపించారు. జనాన్ని వెంటబెట్టుకుని కట్ట మీద నడిపించారు. బాట వస్తే అపరిచితులు తమ పెరళ్ల వెనక తిరుగుతారన్న భయాలకు ఓపికగా సమాధానం చెప్పారు. 1965లో లాభాపేక్ష లేని సంస్థగా నమోదయ్యారు. డుపేజ్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటి పాలనా విభాగం, తన పరిధిలోని కట్టను సేకరించి 1966లో బాట కోసం ఈ సంస్థకు అప్పగించింది. మిగతా కౌంటీల భాగాలు తర్వాత కలిశాయి. ముళ్లపొదలు కొట్టడం, చెత్త ఎత్తడం, గుర్తుపలకలు పాతడం వంటి పనులు చాలావరకు వలంటీర్లే చేశారు. వీటన్ పట్టణంలో రైలుపట్టాల మీదుగా వేసిన ఒక వంతెనకు ‘వలంటీర్ వంతెన’ అనే పేరు. 1971లో ఈ బాటకు జాతీయ గుర్తింపు దక్కింది. ఇప్పుడు దాని పొడవు సుమారు 98 కిలోమీటర్లు.

అమెరికాలో ఇలాంటి మొదటి బాట ఇదేనా అంటే, అదే కాలంలో విస్కాన్సిన్ రాష్ట్రం కూడా ఎల్‌రాయ్-స్పార్టా అనే పాత రైలుమార్గాన్ని కొని బాట చేసింది. ఎవరు ముందన్న తగవు మనకు వద్దు.

చట్టం సంగతి మాత్రం తెలుసుకోవాలి. అమెరికాలో చాలాచోట్ల రైలు కంపెనీకి కట్ట కింది నేల సొంతం కాదు, దాని మీదుగా రైలు నడుపుకునే హక్కే ఉండేది. రైలు ఆగిపోతే ఆ హక్కు పోయి నేల పక్క భూముల వారికి చేరుతుంది. అంటే రైలు ఆగిన రోజునే కట్ట ముక్కలవుతుంది. దీనికి విరుగుడుగా 1983లో ఒక చట్టం వచ్చింది. భవిష్యత్తులో మళ్లీ రైలు అవసరం కావచ్చు గనుక మార్గాన్ని వదిలేసినట్టు కాదు, దాచి ఉంచినట్టు భావించాలి, అందాకా జనం నడవవచ్చు అని దాని భావం. పక్క భూముల వారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1990లో కోర్టు చట్టాన్ని సమర్థించింది, నష్టపరిహారం అడిగే దారిని మాత్రం వారికి మూసివేయలేదు. నా మటుకు ఆ భూయజమానుల ఫిర్యాదు ఉత్తదని అనను. తాతలు రైలుకని ఇచ్చిన నేల మనవళ్ల కాలంలో ఇంకొకందుకు వాడితే అడిగే హక్కు వారికుంది. ఈ చట్టం వచ్చాక బాటలు విస్తరించాయి. నేడు ఆ దేశంలో పాత రైలుమార్గాల మీద వేసిన బాటల పొడవు 40 వేల కిలోమీటర్లకు పైనే.

ఆ బాటకు ‘ప్రెయిరీ’ అనే పేరు ఎందుకు తగినదో చూడండి. ప్రెయిరీ అంటే చెట్లు పలుచగా ఉండే పచ్చిక మైదానం. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒకప్పుడు 2 కోట్ల 20 లక్షల ఎకరాల్లో అది పరుచుకుని ఉండేది. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి వచ్చాక, నూరేళ్లలోపే దాదాపు అంతా మొక్కజొన్న చేను అయిపోయింది. 1970లలో జరిగిన సర్వేలో చెడకుండా మిగిలిన మేలైన ప్రెయిరీ సుమారు 2,300 ఎకరాలని తేలింది. అంటే పదివేల ఎకరాలకు ఒక్క ఎకరం. అలా మిగిలిన చోట్లలో పాత శ్మశానాలు, రైలుమార్గాల అంచులు ముఖ్యమైనవి. రైలుమార్గానికి రెండువైపులా ఉన్న నేలలోకి నాగలి రాదు. పైగా బొగ్గు ఇంజన్ల నిప్పురవ్వలకు అప్పుడప్పుడు ఎండుగడ్డి అంటుకునేది. ప్రెయిరీ మొక్కల వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు పోతాయి, పై భాగం కాలినా అవి మళ్లీ చిగురిస్తాయి. వాటిని కమ్ముకునే చెట్ల మొలకలు మాత్రం మాడిపోతాయి. షికాగో అరోరా రైలు కరెంటుది గనుక దానికి నిప్పురవ్వల ప్రసక్తి లేదు. కానీ ఎల్మ్‌హర్స్ట్ పట్టణం దగ్గర గ్రేట్ వెస్టర్న్ అనే మరో రైలుమార్గం దీని పక్కనే సాగేది. ఆ చోట ఒక ప్రెయిరీ తునక ఇప్పటికీ బతికి ఉంది. వేసవి చివర్లో బాట మీద నడిచేవారికి అక్కడ బ్లూస్టెమ్ గడ్డి మనిషెత్తున కనిపిస్తుంది.