కెర్నెల్ పరకాయప్రవేశము

అమరుక మహారాజు కళేబరమున శంకరభగవత్పాదులు ప్రవేశించిన కథ తెలుగువారికి క్రొత్తది కాదు. దేహము రాజుదే, సింహాసనము, మంత్రులు, సేనలు అన్నియు యథాపూర్వముగనే యుండెను, లోపలి జీవుడు మాత్రము మారెను. కంప్యూటరు విషయమున ఇట్టి విద్యయే యొకటి గడచిన పాతికేండ్లలో సిద్ధించినది. నడుచుచున్న యంత్రమునకు విద్యుత్తును తొలగింపక, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ యగు కెర్నెల్ తాను నిష్క్రమించుచు, తన స్థానమున మఱియొక కెర్నెల్‌ను నిలిపి పోవుటయే ఆ విద్య. లినక్స్ లోకమున దీనికి కెఎగ్జెక్ అని పేరు. యునిక్స్ సంప్రదాయమున ఎగ్జెక్ అనెడి పిలుపు ఒక ప్రోసెస్ యొక్క సంఖ్యను, ఉనికిని అట్లే యుంచి, దాని లోపలి ప్రోగ్రామును మాత్రము మార్చివేయును. ఆ సంస్కారమును కెర్నెల్‌కే జరిపించుట చేత దాని మొదటి యక్షరము ముందు చేరి, ఈ నామము ఏర్పడినది.

రీబూట్ అనునది సామాన్యమైన పనిగా మనకు తోచును గాని, దానిలో నడచు తంతు మిక్కిలి దీర్ఘమైనది. కెర్నెల్ తన వ్యాపారములన్నియు చాలించి యంత్రమును, చిప్‌లో నివసించి అందఱికంటె ముందు మేల్కొను బయోస్ అను ప్రోగ్రాము చేతికి అప్పగింపగా, అది మెమరీని పరీక్షించి, డిస్క్ కంట్రోలర్లను, నెట్‌వర్క్ కార్డులను ఒక్కొక్కదానినే పలుకరించి, బూట్‌లోడర్‌ను వెదకి పట్టుకొనగా, ఆ బూట్‌లోడర్ కెర్నెల్‌ను డిస్క్ నుండి తెచ్చి మెమరీలో పెట్టిన పిదప గాని క్రొత్త కెర్నెల్‌కు తొలి శ్వాస యాడదు. అపారమైన మెమరీ గల పెద్ద సర్వర్లలో దీనికి నిమిషములు పట్టును. డిస్క్‌ను చదువనేర్చిన కెర్నెల్, యంత్రమున మెమరీ యెంత యున్నదో ఎఱిగిన కెర్నెల్, తన వారసునికి చోటు చూపుటకై మరల బయోస్ గడప త్రొక్కవలసిన యవసరమేమి? ఈ ప్రశ్నయే కెఎగ్జెక్‌కు బీజము.

దీని పూర్వచ్ఛాయ డాస్ కాలముననే కలదు. డాస్ నడుచుచుండగనే లినక్స్‌ను మేల్కొలుపు లోడ్‌లిన్ అను ప్రోగ్రామును హాన్స్ లెర్మెన్ 1990ల దశకమున రచించెను. డాస్ బయోస్‌ను ఆశ్రయించి బ్రదుకునదే గనుక దానిని తొలగించి లినక్స్ ప్రవేశించుట అంత కష్టము కాలేదు. లినక్స్ స్వభావము వేఱు. అది మేల్కొనిన వెంటనే బయోస్‌ను త్రోసిరాజని, ప్రాసెసర్ స్థితిని తనకు వలసినట్లు మార్చుకొనును. మఱియొక లినక్స్‌యొక్క ఆరంభదశయో, బయోస్‌నే ప్రశ్నించుచు మొదలగును. ఈ రెంటికి పొత్తు కుదుర్చుట యెట్లు?

న్యూమెక్సికో రాష్ట్రమందలి లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రాన్ మిన్నిక్ మున్నగువారు వందలకొలది యంత్రములను క్లస్టర్లుగా కూర్చి నడపుచు, ఒక్కొక్క యంత్రపు బయోస్‌ను సవరించుటకు కీబోర్డును, తెరను మోసికొని తిరుగవలసివచ్చుటతో విసిగి, బయోస్ స్థానమున లినక్స్‌నే నిలుపవలెనని 1999లో లినక్స్‌బయోస్ అను ప్రయత్నమునకు పూనుకొనిరి. చిప్‌లో నివసించు ఆ లినక్స్, తన పని ముగిసిన పిమ్మట, అసలు నడువవలసిన లినక్స్‌ను లేపవలెను గదా! ఆ యవసరమునుండి పుట్టినదే 2000 సంవత్సరమున మిన్నిక్ వెల్లడించిన లోబోస్. బయోస్‌ను ప్రశ్నించు ఆరంభదశను దాటవేసి, తిన్నగా 32 బిట్ల దశయందే క్రొత్త కెర్నెల్‌లో ప్రవేశించుట దాని కీలకము. ఇంచుమించు ఆ కాలముననే, బేవుల్ఫ్ క్లస్టర్లతో పనిచేయుచున్న ఎరిక్ హెండ్రిక్స్ టూ కెర్నెల్ మాంటీ అను సాధనమును, లైలో బూట్‌లోడర్ కర్తయైన వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ బూట్‌ఇమ్‌జ్ అనుదానిని రచించిరి. పడమటి దేశముల వీథులలో మూడు పేకముక్కలను తారుమారు చేసి చూపరులను భ్రమింపజేయు ఆటకు మాంటీ అని పేరు. ఇచ్చట ముక్కలు రెండు కెర్నెల్‌లు.

ఈ ప్రయత్నములన్నింటి సారమును గ్రహించి స్థిరమైన రూపము కల్పించిన కీర్తి, లినక్స్‌బయోస్ కొఱకే పాటుపడుచుండిన ఎరిక్ బీడర్‌మన్‌ది. ఆయన పద్ధతి ముచ్చటైనది. క్రొత్త కెర్నెల్‌ను ముందుగనే తెచ్చి, మెమరీలో ఎచ్చట ఖాళీ పేజీలు దొరకిన అచ్చట చెదరుముదరుగా దాచియుంచును. అది తుదకు కుదురుకొనవలసిన చోట పాత కెర్నెల్ కూర్చుండి యుండవచ్చును; కాబట్టి సమయము వచ్చినపుడు ఆ పేజీలను పాతదాని మీదనే పఱచవలెను. కూర్చున్న కొమ్మను నఱకుకొనుట వంటి ఈ కార్యమును, ఎవరి పాదము పడని యొక పేజీలో భద్రపఱచిన చిన్న కోడ్ నిర్వహించును. దానికిని, క్రొత్త కెర్నెల్‌కును నడుమ పర్గేటరీ అను మఱియొక చిన్న కోడ్ నిలిచి, తెచ్చిన ప్రతిలో ఒక్క బిట్ అయినను చెడినదేమో ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రతో సరిచూచును. కాథలిక్ క్రైస్తవుల విశ్వాసమున మరణమునకును స్వర్గమునకును నడుమ ఆత్మలు శుద్ధి పొందు తావు పేరు దీనికి పెట్టిరి. అంతకంటె తగిన పేరు నాకు తోచదు.

బీడర్‌మన్ తన రచనను 2002లోనే సమర్పించినను, అది ప్రధాన కెర్నెల్‌లో చేరుటకు మూడేండ్లు పట్టెను. కారణము విచారింపదగినది. వారసుని నిలుపుట కష్టము కాదు. పూర్వాధికారి చక్కగా దిగిపోవుటయే కష్టము. అంతవఱకు డ్రైవర్ రచయితలు పరికరములను మేల్కొలుపుటయందు చూపిన శ్రద్ధను వానిని నిద్రపుచ్చుటయందు చూపియుండలేదు. ఎట్లును బయోస్ వచ్చి అన్నిటిని మొదటికి తెచ్చునను ధీమా యొకటి యుండెను. కెఎగ్జెక్‌లో ఆ రక్షకుడు లేడు. ఒక నెట్‌వర్క్ కార్డు, పాత యజమాని పోయిన సంగతి యెఱుగక, ప్రాసెసర్ ప్రమేయము లేకుండగనే మెమరీలో వ్రాయుచు పోయినచో, క్రొత్త కెర్నెల్ పురిటిలోనే సంధి కొట్టి పడిపోవును. ఆండ్రూ మోర్టన్ పరీక్షాశాఖలో చిరకాలము పరిపక్వమై, తుదకు 2005 ఆగస్టున వెలువడిన లినక్స్ 2.6.13 యందు కెఎగ్జెక్‌కు స్థానము లభించెను.

ఆ విడుదలయందే కెడంప్ కూడ చేరెను. దీని నిర్మాణమున మన పొరుగునగు బెంగుళూరులోని ఐబీఎం లినక్స్ కేంద్రమున పనిచేసిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థల పాలు గొప్పది. ఇది నాకు విశేషానందము కలిగించు సంగతి. కెర్నెల్ కుప్పకూలినపుడు కారణమేమో తెలియవలెనన్నచో నాటి మెమరీని భద్రపఱుపవలెను. కాని కూలిన కెర్నెల్ డ్రైవర్లనే నమ్మి డిస్క్‌కు వ్రాయించుట, విషము త్రాగినవానిచేతనే వంట చేయించుట వంటిది. అందుచేత యంత్రము లేచునపుడే కొంత మెమరీని వేఱుపఱచి, అందొక కాపరి కెర్నెల్‌ను నిద్రింపజేసి యుంతురు. పరికరములు విచ్చలవిడిగా ఎచ్చట వ్రాసినను ఈ గదిలోనికి రావు. ప్రమాదక్షణమున ప్రాసెసర్ ఆ గదిలోనికి దుముకును; కాపరి మేల్కొని మృతుని మెమరీనంతయు ఒక ఫైలుగా చూపును. అది యథార్థముగా మరణవాఙ్మూలమే. అయితే ఎక్స్86 యంత్రములలో కాపరి లేచుటకు మెమరీ మొదటి 640 కిలోబైట్లు కావలసియుండెను గనుక, మృతుని సాక్ష్యము చెడకుండుటకై ఆ భాగమును ముందుగా గదిలోనికి నకలు తీయుట మొదలగు జాగ్రత్తలు చేసిరి.

సంతకము లేని కెర్నెల్ లేవరాదని సెక్యూర్ బూట్ శాసించిన కాలమున కెఎగ్జెక్ అను ఈ పెరటిదారి శంకాస్పదమయ్యెను. అందుకొఱకు సంతకమును కెర్నెలే స్వయముగా పరీక్షించు క్రొత్త పిలుపును 2014లో లినక్స్ 3.17 యందు ప్రవేశపెట్టిరి.

లాస్ అలమోస్‌లో తలపెట్టిన కోరికయు నెఱవేఱకపోలేదు. ఫర్మ్‌వేర్ స్థానమున లినక్స్‌ను నిలిపి, కెఎగ్జెక్ ద్వారా అసలు కెర్నెల్‌కు దారి చూపు లినక్స్‌బూట్ 2018లో లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరెను. ఇక 2025లో, లినక్స్ 6.16 యందు, కెఎగ్జెక్ హ్యాండోవర్ వచ్చినది. అంతకు మునుపు మెమరీలో ఏ పేజీలు విలువైనవో వారసునికి చెప్పు సర్వసామాన్యమైన పద్ధతి లేకుండెను. ఇప్పుడు పాత కెర్నెల్ తాను పోవుటకు ముందు, చెక్కుచెదరరాని పేజీలు ఏవేవో ఒక పత్రమున వ్రాసి యుంచును. క్రొత్త కెర్నెల్ కన్ను తెఱచి, ఆ పత్రమును చదివి, ఆ పేజీలను తాకక తన సంసారము చక్కదిద్దుకొనును.