పదిహేడు వేల అయిదొందలు

2024 జూన్ 24, సోమవారం. సాయంత్రం నాలుగూ ముప్పావు. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఓ పల్లెటూరు. ఊళ్ళోవాళ్ళు తలా ఓ చెయ్యి వేస్తే పోగైన డబ్బు ఎట్టకేలకు ఓ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి అన్న ఖాతాలో పడింది. గడువు అయిదింటికి. ఇంకా పావుగంట ఉంది.

ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు. ఎస్సీ కోటాలో 1455వ ర్యాంకు. ఐఐటీల్లో చేరడానికి రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ పరీక్షను రెండుసార్లకు మించి రాయనివ్వరు; అతనికిది రెండోసారి. సీటు ఖాయం కావాలంటే కట్టాల్సింది 17,500 రూపాయలు.

తండ్రి దినకూలీ. రోజుకు 450. లెక్కేసి చూడండి: ఇంట్లో పొయ్యి వెలిగించకుండా దాచినా ముప్పైతొమ్మిది రోజుల కూలి. సీటు వచ్చినట్టు తెలిసింది జూన్ 20న. అంటే చేతిలో ఉన్నది నాలుగు రోజులు.

మధ్యాహ్నం మూడు దాటగానే పోర్టల్‌లో లాగిన్ అయ్యాడు. డబ్బు అందాక మిగిలిన కాగితాలు ఎక్కిస్తున్నాడు. ఆ పావుగంట ఎలా గడిచి ఉంటుందో పల్లెటూళ్ళో ఆన్‌లైన్ దరఖాస్తు నింపిన ఎవరికైనా చెప్పక్కర్లేదు. అయిదైంది. పోర్టల్ మూసుకుంది. డబ్బు ఖాతాలోనే ఉండిపోయింది.

ఆ తరవాత మూడు నెలలు తండ్రీకొడుకులు కాళ్ళరిగేలా తిరిగారు. జాతీయ ఎస్సీ కమిషన్ తమ చేతిలో ఏమీ లేదంది. జార్ఖండ్‌లో న్యాయసేవా సంస్థ గడప తొక్కితే, పరీక్ష పెట్టింది ఐఐటీ మద్రాసు గనక అక్కడి హైకోర్టుకు వెళ్ళమన్నారు. వెళ్ళారు. అక్కడా పని కాలేదు. ముజఫర్‌నగర్ ఎక్కడ, చెన్నై ఎక్కడ! పోయిన కూలీ, రైలు ఖర్చులూ కలిపితే ఆ ఫీజు ఎన్నిసార్లు కట్టొచ్చో.

సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు. ధర్మాసనంలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్, న్యాయమూర్తులు జేబీ పార్దీవాలా, మనోజ్ మిశ్రా. సీట్లు కేటాయించే సంస్థ తరఫు న్యాయవాది వాదన: కుర్రాడు మూడింటికే లాగిన్ అయ్యాడు, ఫీజు కట్టమని సందేశాలూ పంపాం. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే సందేశానికి ఖర్చుండదు. ఇంతగా ఎందుకు అడ్డుపడుతున్నారు, ఏదైనా దారి చూడొచ్చు కదా అని ధర్మాసనమే అడిగింది. డబ్బుంటే కట్టకుండా ఉండేవాడా అన్నది న్యాయమూర్తుల సూటి ప్రశ్న.

రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తీర్పు వచ్చింది. అదే బ్యాచ్‌లో చేర్చుకోవాలి, హాస్టల్ సదుపాయమూ ఇవ్వాలి. ఇంకొకరి సీటు పోకుండా అతనికోసం అదనంగా ఒక సీటు సృష్టించాలి. ప్రధాన న్యాయమూర్తి ‘ఆల్ ది బెస్ట్, బాగా చెయ్యి’ అని దీవించి పంపారు.

ఇందులో నాకు కొరుకుడుపడని సంగతి ఒకటుంది. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 2016లో ఫీజును ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెంచినప్పుడే ఆ నిర్ణయమూ తీసుకున్నారు. లక్షల ఫీజు అక్కర్లేదన్న సర్కారే గుమ్మం దగ్గర వేల కోసం చెయ్యి చాపింది, అదీ గడియారం చూసుకుంటూ.

మన దగ్గరా ఈ జబ్బుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్ని వేల ఇళ్ళలో తొలి ఇంజనీరును తయారుచేసిందో అందరికీ తెలుసు. బకాయిలు ఇవ్వలేదని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు తాళాలు వేసుకున్నదీ ఈ పథకం మీదే. డబ్బు బాకీ పడింది ప్రభుత్వం. కాలేజీ ఆపేసిన సర్టిఫికెట్ కోసం కౌంటర్ ముందు నిలబడేదేమో పిల్లలు.

ఆ కుర్రాడికి సీటొచ్చిన 2024లోనే రాజన్న సిరిసిల్ల జిల్లాలో మేకలు కాచుకునే ఇంటి గిరిజన అమ్మాయికి ఐఐటీ పట్నాలో సీటొచ్చింది. సీటు నిలబెట్టుకునే సొమ్ము ఆమె చదివిన గిరిజన సంక్షేమ జూనియర్ కాలేజీ అధ్యాపకులు వేశారు. మిగతా ఖర్చులకు డబ్బు లేదని పత్రికల్లో వచ్చాక, జూలైలో తెలంగాణ ప్రభుత్వం లక్షన్నరకు పైగా విడుదల చేసింది. ఆ పిల్ల ఏ కోర్టు మెట్లూ ఎక్కలేదు. కట్టాల్సిన రోజున ఆమె మేష్టార్ల దగ్గర డబ్బుంది.