బొగ్గుపొరలలోని వాయువు

గాజువాక చెంతనున్న విశాఖ ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. దాని కోకు బట్టీలకు కావలసిన బొగ్గులో అధికభాగము ఓడలమీద విదేశములనుండి వచ్చుచున్నది. అందు ఆస్ట్రేలియా బొగ్గుకు ప్రముఖస్థానము కలదు. ఆ బొగ్గుపొరలలో దాగియుండు మీథేను వాయువును గూర్చి శ్రోతలకు కొంత విన్నవింతుము.

గనికార్మికునకు ఈ వాయువు చిరకాలము మృత్యురూపమై నిలిచినది. 1815లో హంఫ్రీ డేవీ రక్షకదీపమును నిర్మించినది దీని భయముననే. మన దేశమున రాణిగంజి ప్రాంతపు చినాకురి గనిలో 1958 ఫిబ్రవరిలో జరిగిన ప్రేలుడు నూటడెబ్బదిమందికి పైగా బలిగొన్నది. పెద్ద పంకాలతో గాలిని ఆడించి వాయువును బయటికి వెడలగొట్టుట నాటి ముఖ్యోపాయము. కాని అట్లు వెలువడిన మీథేను, నూరేండ్ల లెక్కన, బొగ్గుపులుసు వాయువుకంటె దాదాపు 28 రెట్లు భూమిని వేడిచేయును. గనిలో తొలగిన అపాయము ఆకాశమున చేరినదన్నమాట.

త్రవ్వకమునకు ముందే బోరుబావులద్వారా వాయువును తీసి ఇంధనముగా వాడుట ఇంతకంటె మేలైన మార్గము. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు రాష్ట్రపు మౌరాయందు 1994లో గని ప్రేలి 11 మంది మరణించిరి. ఆ మౌరాయందే 1996లో బొగ్గుపొరల వాయువును వ్యాపారార్థము తీయుట మొదలైనది. మన ప్రభుత్వము 1997లో ఇందుకొక విధానమును ప్రకటించినది. 2007లో రాణిగంజి వాయువు విక్రయమునకు వచ్చినది.

అయితే ఇందును ఒక చిక్కు కలదు. పొరలోని నీటి ఒత్తిడియే మీథేనును బొగ్గునకు అంటిపెట్టి యుంచును. నీటిని తోడినకొలది వాయువు విడివడును. ఆ నీరు తరచు ఉప్పనిది. సోడియము హెచ్చుగానున్నచో పొలమును చవుడుబార్చును. పొరలను చీల్చుటకై రసాయనములు కలిపిన నీటిని మిక్కిలి ఒత్తిడితో పంపు పద్ధతియు కలదు. ఆ రసాయనములలో బెంజీను వంటివానిని క్వీన్స్‌లాండు 2010లో నిషేధించినది. పొరవెంట అడ్డముగా పొడవైన బోరు వేసినచో, అనుకూలమైన పొరలయందు చీల్చు పని తగ్గును. అమెరికాలోని న్యూమెక్సికోలో 1995 నుండి బొగ్గుపులుసు వాయువును పంపి మీథేనును వెడలించి చూచిరి. కాని బొగ్గు ఉబ్బి సందులు మూసికొనెను.

1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించిన మన గోదావరి లోయయు, 2005 నాటి మూడవ విడతలో ఈ వాయువుకై వేలమునకు వచ్చినది. అచ్చట ఎప్పుడు బోరు దింపినను, పైకి వచ్చిన వాయువుతోబాటు పక్కనున్న రైతు బావిలోని నీటి మట్టమును, రుచిని గూడ లెక్కలోనికి తీసికొనవలెనని మా అభిప్రాయము.