మెదడు కాండం దెబ్బతింటే వినికిడి ఏమవుతుంది?

మెదడు కాండానికి దెబ్బ తగిలినవాళ్లలో చాలామంది చెవిటివాళ్లు కారు. గంట మోగితే వింటారు, పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు. కానీ పెళ్లిపందిట్లో పక్కనున్నవాళ్లు ఏమంటున్నారో అంతుపట్టదు. రోడ్డు దాటుతుంటే హారన్ ఏ వైపు మోగిందో తేలదు. ఆడియోగ్రామ్ తీయిస్తే మాత్రం వినికిడి బాగానే ఉందని వస్తుంది. ఈ తిరకాసు విప్పడానికి వైద్యులకు దశాబ్దాలు పట్టింది.

కారణం దారిలోనే ఉంది. లోపలి చెవిలోని కాక్లియా నుంచి సుమారు 30,000 పోగుల నాడి బయలుదేరి, కాండంలోని పాన్స్, మెడుల్లా అనే భాగాలు కలిసేచోట కాక్లియర్ న్యూక్లియస్‌ను చేరుతుంది. అక్కడిదాకా ఏ చెవి దారి దానిదే. ఆ పైన దారులు చీలి, ఒక్కో చెవి సమాచారం మెదడు రెండు వైపులకూ వెళుతుంది. అందుకే న్యూక్లియస్ దగ్గర దెబ్బ తగిలితే ఆ వైపు చెవి వినపడకుండా పోతుంది కానీ, ఇంకా పైన ఒక వైపే తగిలితే ఏ చెవికీ వినికిడి పూర్తిగా పోదు. పాడయ్యేది రెండు చెవుల సమాచారాన్ని పోల్చి చూసే పని.

ఆ పోలిక ఎంత సున్నితమో మొదట తేల్చినవాళ్లు భౌతిక శాస్త్రవేత్తలు. మంద్ర స్వరాల దిక్కును రెండు చెవుల మధ్య సమయ తేడాతోనూ, తీవ్ర స్వరాల దిక్కును బిగ్గరతనంలో తేడాతోనూ గుర్తుపడతామని 1907లో లార్డ్ రేలీ వివరించాడు. సరిగ్గా పక్క నుంచి వచ్చే శబ్దం కూడా అవతలి చెవికి మిల్లీసెకనులో సుమారు 0.7 వంతు ఆలస్యంగానే చేరుతుంది. ఇంత చిన్న తేడాను కాండంలోని సుపీరియర్ ఆలివ్ లెక్కగడుతుంది. ఆ లెక్క ఎలా సాగుతుందో 1948లో లాయిడ్ జెఫ్రెస్ అనే పరిశోధకుడు ఒక నమూనా గీశాడు.

రోగిలో ఈ లోపాన్ని పట్టుకునే తెలివైన ఉపాయం 1959లో పరిశోధకుడు మాట్జ్‌కర్ చూపించాడు. ఒకే మాటలోని మంద్ర ధ్వనులను ఒక చెవికి, తీవ్ర ధ్వనులను రెండో చెవికి వినిపించడం ఆ పరీక్ష. విడిగా ఏ ముక్కా సరిగ్గా అర్థం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రెండూ కలిపి మాటను ఇట్టే చెప్పేస్తారు, కాండంలో లోపమున్నవాళ్లు తడబడతారు. అయితే జవాబు చెప్పలేని పసివాళ్లకు, కోమాలో ఉన్నవాళ్లకు ఇది పనికిరాలేదు.

ఆ కొరత తీర్చింది విద్యుత్తు. 1967లో ఇజ్రాయెల్‌కు చెందిన సోమర్, ఫైన్‌మెస్సర్ శబ్దానికి జవాబుగా నాడి, కాండం ఇచ్చే తొలి విద్యుత్ సంకేతాలను నమోదు చేశారు. 1970, 71ల్లో అమెరికాలో డాన్ జ్యూయెట్, జాన్ విలిస్టన్ వాటిని తరంగాల వరుసగా విడదీసి రోమన్ అంకెలు వేశారు. మనవాళ్లు బేరా టెస్ట్ అనేది దీన్నే. బిడ్డను నిద్రపుచ్చి, నుదుటిమీద, చెవుల వెనుక ఎలక్ట్రోడ్లు అంటించి, టిక్ టిక్ శబ్దాలు వందలు వేలుగా వినిపిస్తారు. జవాబు ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. సగటు తీస్తేనే పైకి తేలుతుంది. మొదటి 10 మిల్లీసెకన్లలో వచ్చే అలల్లో మొదటి రెండూ నాడివి, మూడోది మొదలు కాండానివి. ఏ అల ఆలస్యమైందో చూస్తే దెబ్బ ఎక్కడుందో ఊహించవచ్చు. నాడిమీది కణితులను అయిదో అల ఆలస్యంతో పసిగట్టవచ్చని 1977లో సెల్టర్స్, బ్రాక్‌మన్ చూపారు. ఇప్పుడు చిన్న కణితులకు ఎంఆర్ఐయే నమ్మకం.

కాండం చేసే చిత్రాలు ఇంకా ఉన్నాయి. అక్కడ గాయమైన కొందరికి లేని శబ్దాలు, సంగీతం వినిపిస్తాయని 1986లో కాసినో, ఆడమ్స్ రాశారు.

దెబ్బతిన్న నాడిని దాటి వినిపించే ప్రయత్నమూ జరిగింది. 1979లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్, విలియం హిట్‌సెల్‌బెర్గర్ నాడిని వదిలేసి నేరుగా కాక్లియర్ న్యూక్లియస్ మీదే ఎలక్ట్రోడ్ అమర్చారు. రెండు చెవుల నాడులమీదా కణితులు పెరిగే ఎన్ఎఫ్2 అనే జబ్బులో నాడి పనిచేయకుండా పోయినవాళ్లకు ఇదే దిక్కు. బహుళ ఎలక్ట్రోడ్ల పరికరానికి అమెరికా అనుమతి 2000లో వచ్చింది. చాలామందికి అది పెదవుల కదలికతో కలిపి మాట అర్థం చేసుకోవడానికి సాయపడుతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు. న్యూక్లియస్సే చెడిపోతే ఆ మాత్రం ప్రయోజనమూ ఉండదు.

మన ఇళ్లకు అన్నిటికన్నా దగ్గరి విషయం పసికందుల కామెర్లు. బిలిరుబిన్ బాగా పెరిగితే మెదడులోకి దిగి, కాండంలో వినికిడి దారిలోనే ఉన్న కాక్లియర్ న్యూక్లియస్‌ను, ఇన్‌ఫీరియర్ కాలిక్యులస్‌ను ప్రత్యేకంగా దెబ్బతీస్తుంది. బిడ్డను లైట్ల కింద పెట్టే చికిత్స ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో పుట్టింది, 1958లో ప్రచురితమైంది. దెబ్బతిన్న కొందరు పిల్లల్లో కాక్లియా మాత్రం చక్కగా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని మాత్రమే చూసే ఓఏఈ పరీక్షలో వాళ్లు పాసవుతారు. ఇలాంటి స్థితికి 1996లో ఆర్నాల్డ్ స్టార్ బృందం ఆడిటరీ న్యూరోపతి అని పేరు పెట్టింది. అయిదు రోజులకు మించి నవజాత శిశువుల ఐసీయూ (ఎన్ఐసీయూ)లో ఉన్న శిశువులకు బేరా తరహా పరీక్షే చేయాలని అమెరికా నిపుణుల సంఘం 2007లో సూచించింది. కామెర్లకు రక్తం మార్చాల్సి వచ్చిన బిడ్డకు ఓఏఈ రిపోర్టు ఒక్కటే ఇచ్చి పంపేస్తుంటే, బేరా కూడా చేయమని తల్లిదండ్రులు అడగాలి.