రంగములో తెలుగువారు, 1930 భూకంపము

పలాస, టెక్కలి ప్రాంతాలవారికి తుపాను కొత్త కాదు. గాలి దిక్కు మారినా, సముద్రపు హోరు హెచ్చినా ఏదో కీడు రానున్నదని ఇక్కడివారు గ్రహిస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి తోటలను, జీడి తోటలను నేలకూల్చినది. అయినా అది వస్తున్నదని ముందే తెలిసినది. భూకంపము అట్టిది కాదు. అది చెప్పి రాదు.

ఈ జిల్లాకు ఆనుకొని ఉన్న తూర్పు కనుమల శిలలు మిక్కిలి ప్రాచీనమైనవి, గట్టివి. ఇక్కడ పెద్ద భూకంపాలు అరుదు. ఈ తీరమునుండి వెళ్ళినవారు అట్టి విపత్తును ఎదుర్కొన్నది సముద్రానికి ఆవలి ఒడ్డున, రంగములో. రంగమనగా నాటి బర్మా రాజధాని రంగూను. నేడు దానినే యాంగోన్ అంటారు.

వలస పోయినవారు

1930 నాటికి టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాష్ట్రములోని గంజాము జిల్లాలో ఉండేవి. వానలు తప్పిన ఏడు గంజాము, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పేదలు కళింగపట్నం, గోపాలపూరు, విశాఖపట్నం వంటి రేవులలో పొగఓడ ఎక్కి రంగము పోయేవారు. బర్మా 1937 వరకు బ్రిటిషు ఇండియాలో ఒక భాగమే అయినా, ఆ కూలీలకు అది పరదేశమే. భాష వేరు, నేల వేరు. రంగములో వారిని ‘కోరంగీలు’ అనేవారు. కాకినాడ దాపున తుపానులకు నాశనమైన కోరంగి రేవు పేరే అది.

ఓడలలో సరుకు ఎత్తుట, బియ్యపు మిల్లులలో పని, రిక్షా లాగుట వీరి వృత్తులు. పని చూపేవాడు మేస్త్రీ. అతని చేతి కిందనే వారి బ్రతుకు. కూలీలు ఇరుకు గదులలో గుంపులుగా నివసించేవారు. 1931 జనాభా లెక్కల ప్రకారము రంగములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే.

మే 5 రాత్రి

1930 మే 5వ తేదీ రాత్రి ఎనిమిది గంటలు దాటిన కొద్దిసేపటికి భూమి కంపించినది. దాని పరిమాణము సుమారు 7.3. రంగమునకు ఈశాన్యముగా సుమారు 80 కిలోమీటర్ల దూరములోని పెగూ పట్టణము, అనగా నేటి బగో, మిక్కిలి దెబ్బతిన్నది. అక్కడ సుమారు 500 మంది, రంగములో సుమారు 50 మంది మరణించినారు. పెగూలో కంపము వెంట అగ్నిప్రమాదాలు కూడ చెలరేగినవి. ప్రసిద్ధమైన ష్వేమోడో పగోడా కూలిపోయినది. దాని పునర్నిర్మాణము 1954లో పూర్తి అయినది.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చును. భూకంపమునుండి వెలువడే ప్రాథమిక తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ద్వితీయ తరంగాలు సుమారు 3.5 కిలోమీటర్లు పయనిస్తవి. కదలిక పెగూవద్ద మొదలైనదనుకొందాము. మొదటి తరంగము 13 సెకనులకు, రెండవది 23 సెకనులకు రంగము చేరును. మొదటిది చిన్న అదురు. ఎక్కువగా గోడలను పడగొట్టేది రెండవది. రెంటికి నడుమ ఉన్న వ్యవధి పది సెకనులు. ఇరుకు గదిలో పదిమంది నడుమ పడుకొన్నవాడు ఆ పది సెకనులలో ఎంత దూరము పోగలడు?

కారణమేమి?

బర్మా నడుమ ఉత్తరమునుండి దక్షిణానికి సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున ఒక పగులు కలదు. దానిని సగాయింగ్ భ్రంశము అంటారు. దానికి ఇరువైపులా ఉన్న భూభాగాలు ఏటా సుమారు రెండు సెంటీమీటర్లు ఒకదానినొకటి ఒరుసుకొంటూ జరుగవలెను. కాని రాతి అంచులు పట్టుకొనిపోయి ఆ జరుగుట ఆగిపోతుంది. ఏండ్ల తరబడి పేరుకొన్న ఒత్తిడి ఒక్కసారిగా విడివడినపుడు భూమి కంపిస్తుంది. 1930లో పెగూ దగ్గర ఈ భ్రంశము వెంట నేల మూడు మీటర్లకు తగ్గకుండా ప్రక్కకు జరిగినట్లు తరువాతి పరిశోధకులు గుర్తించినారు. అదే ఏడు డిసెంబరులో కొంత ఉత్తరముగా ప్యూ పట్టణమువద్ద మరొక పెద్ద భూకంపము వచ్చినది.

నేలను బట్టి నష్టము

రంగములో నష్టము అంతటా ఒక్క తీరుగా లేదు. మెట్ట నేలమీది కట్టడాలకంటె, నది ఒడ్డున ఒండ్రుమట్టి మీద, పూడ్చిన పల్లపు నేలల మీద కట్టినవి ఎక్కువగా దెబ్బతిన్నవి. మెత్తని నేలలో తరంగాల వేగము తగ్గి, ఊపు పెరుగుతుంది. నీరు నిండిన ఇసుక కుదుపుకు బురదవలె జారిపోతుంది కూడ. రేవు పని రేవు దగ్గరనే ఉండును. కనుక కూలి బస కూడ పల్లములోనే. నేలను, గోడను ఎంచుకొనే శక్తి కూలివానికి లేదు.

విపత్తు అంతటితో ముగియలేదు. ఆ నెలలోనే తెలుగు రేవు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టినారు. వారి స్థానములో బర్మా కూలీలను పెట్టి, సమ్మె తీరగానే తొలగించినారు. మే 26న అల్లర్లు చెలరేగి వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. ఒక్క మాసములోనే నేల ఆసరా, తోటి మనుష్యుల ఆసరా రెండూ సడలినవి.

అదే భ్రంశము, మరల

2025 మార్చి 28న అదే భ్రంశము మాండలే ప్రాంతములో 450 కిలోమీటర్లకు పైగా చీలినది. పరిమాణము 7.7, అనగా 1930 నాటి దానికి సుమారు నాలుగు రెట్ల శక్తి. మృతులు మూడువేలకు పైబడినారు. సుమారు వేయి కిలోమీటర్ల దూరములో, మెత్తని బంకమట్టి మీద ఉన్న బాంగ్కాక్ నగరములో సైతము నిర్మాణములో ఉన్న ఒక ఆకాశహర్మ్యము కుప్పకూలినది.

ఈ సూత్రమును తరగతిలో చూపుట సులభము. ఒక పళ్ళెములో ఉద్దానపు ఇసుకను బాగుగా తడిపి, దానిపై ఇటుకను నిలువుగా నిలుపవలెను. మరొక ఇటుకను రాతిపలక మీద నిలుపవలెను. రెండింటినీ ఒకే బల్లపై పెట్టి బల్ల అంచును తట్టుతూ పోతే, తడి ఇసుకలోని ఇటుక క్రమముగా క్రుంగి ఒరుగుతుంది. శ్రీకాకుళము జిల్లావారు నేటికీ పనికై దూరదేశాలు పోతున్నారు. పోయినచోట కూలి ఎంతయో అడిగి తెలిసికొంటారు. పడుకొనే గది ఏ నేలమీద ఉన్నది, బయటికి దారి ఎటు ఉన్నది అని కూడ అడుగుట నేర్పితే ఈ పాఠము సార్థకమగును.