నాకేం కాలేదండీ!

మా వదినకి దెబ్బ తగిలిన సంగతి మాకు తెలిసింది ప్రమాదం జరిగిన పదకొండో రోజున. ఆవిడకి మాత్రం ఆ క్షణంలోనే తెలుసుట. చెప్పలేదు, అంతే!

ఎనిమిదేళ్ల కిందటి మాట. మాఘమాసంలో ఒక పెళ్లికని గుంటూరు నుంచి ఒంగోలు బయల్దేరాం. అన్నయ్య, వదిన, నేను, అద్దె కారు. చిలకలూరిపేట దాటాక వెనకనుంచి లారీ వచ్చి గుద్దింది. అన్నయ్య నుదురు చిట్లింది. నా మోకాలు దోక్కుపోయింది. ఎవరో పుణ్యాత్ములు ఆస్పత్రికి చేర్చారు. అక్కడ డ్యూటీ డాక్టరుగారు ఒక్కొక్కళ్లనీ అడిగి రాసుకుంటున్నారు. అన్నయ్య గాయం పొడవెంత, వెడల్పెంత, ఏ పక్కన, అన్నీ కొలిచి రాశారు. నా మోకాలూ రాశారు. వదిన వైపు తిరిగి "మీకో అమ్మా?" అన్నారు.

"నాకేం కాలేదండీ! ముందు ఆయన్ని చూడండి" అంటూ వదిన కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. డాక్టరుగారు కలం మూసేశారు.

పదకొండో రోజున ఇడ్లీపిండి గిన్నె ఆవిడ చేతిలోంచి జారి కింద పడితే అప్పుడు చూశాం. జాకెట్టు చెయ్యి కింద భుజమంతా కమిలి, అప్పటికే పసుప్పచ్చకి తిరిగింది. మణికట్టు వాచి గాజులు కదలడం లేదు. ఎక్స్‌రే తీస్తే, మణికట్టులో పడవ ఆకారంలో ఉండే చిన్న ఎముక విరిగిందన్నారు. ఆరు వారాలు పిండికట్టు!

అసలు కథ తర్వాత మొదలైంది. నష్టపరిహారం కేసులో అవతలి వకీలుగారు లేచి, "ఆ రోజు కాగితంలో ఈవిడ పేరే లేదే! ఈ చెయ్యి పెళ్లి పందిట్లో జారిపడి విరగలేదని ఏమిటి నమ్మకం?" అన్నారు. ఆయన్ననుకుని ఏం లాభం? మేమే ఇచ్చాం ఆ మాట ఆయన నోటికి.

అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన. దెబ్బని కాగితం మీద పెట్టాలన్న బుద్ధి అసలు మనిషికి ఎప్పుడు పుట్టిందా అని. చదువుతూ పోతే ఎక్కడెక్కడికో వెళ్లాను.

మన సుశ్రుతుడు ఏనాడో దెబ్బ తగిలి అయిన గాయాలని ఆరు రకాలుగా విడదీశాడు. ఛిన్నం, భిన్నం, విద్ధం, క్షతం, పిచ్చితం, ఘృష్టం. పేర్లు చూసి భయపడకండి. తెగింది ఛిన్నం, నుగ్గయింది పిచ్చితం, దోక్కుపోయింది ఘృష్టం. అంటే నా మోకాలుది ఘృష్టం అన్నమాట! ఆ మాటకొస్తే మన ఇళ్లలో మాత్రం తక్కువ మాటలున్నాయా? బొప్పి కట్టింది, కమిలింది, బెణికింది, గీరుకుంది, చిట్లింది. పిల్లల్ని పెంచిన ప్రతి తల్లీ చిన్న సైజు సుశ్రుతుడే.

సుశ్రుతుడు రాసింది వైద్యం కోసం. గాయానికి వెల కట్టడానికి రాసినవాళ్లు వేరే ఉన్నారు. 7వ శతాబ్దం తొలిరోజుల్లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతాన్ని ఏలిన ఎథెల్‌బెర్ట్ అనే రాజు చట్టం చూస్తే మన పచారీ కొట్టు ధరల పట్టీయే గుర్తొస్తుంది. బొటనవేలు పోగొడితే 20 షిల్లింగులు, దాని గోరు ఊడగొడితే 3, చిటికెన వేలికి 11, ఉంగరం వేలికి 6. ముందు నాలుగు పళ్లకి తలా 6.

అందులో ఒక్క చోట మాత్రం నేను ఠక్కున ఆగిపోయాను. కమిలిన దెబ్బ బట్టలకి బయట కనిపిస్తే 30 చిన్న నాణేలు, బట్టల కింద ఉంటే 20 మాత్రమేనట! చూశారా? పధ్నాలుగు వందల ఏళ్ల కిందటే జాకెట్టు చేతి కింద ఉన్న దెబ్బకి విలువ తగ్గించేశారు. 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజుగారూ అదే దారి. జుట్టు కింద అంగుళం గాయానికి 1 షిల్లింగు, జుట్టుకి ముందు, అంటే కనబడేచోట, అంగుళం గాయానికి 2.

ఇక మోటారు బండి వచ్చింది. అప్పటికింకా పెట్రోలు కారు లేదు, ఆవిరితో నడిచేదే. 1869 ఆగస్టు 31న ఐర్లండులోని పార్సన్స్‌టౌన్‌లో, బంధువులు తయారుచేసిన అలాంటి బండి మలుపు తిరుగుతుంటే, మేరీ వార్డ్ అనే ఆవిడ కిందపడి చక్రం కింద నలిగిపోయింది. ఆవిడకి 42 ఏళ్లు. మోటారు ప్రమాదంలో పోయినట్టు లోకానికి తెలిసిన మొదటి మనిషి ఒక ఇల్లాలు, పిల్లల తల్లి. అంతేకాదు, సూక్ష్మదర్శినిలో పురుగుల రెక్కలూ ఆకుల పొరలూ చూసి, తన చేత్తో బొమ్మలు గీసి పుస్తకాలు రాసిన విదుషి. కంటికి కనపడని వాటిని కాగితం మీద పెట్టినావిడ దెబ్బల్ని, చివరికి వేరేవాళ్లు విచారణ కాగితాల్లో రాయాల్సి వచ్చింది.

అలా రాసిన కాగితాలు ఊరికే పోలేదు సుమండీ. 1935లో 'అరేబియా లారెన్స్'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలు మీదనుంచి పడి తలకి దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ ఒకడు. మనసులో బాధ పడి ఊరుకోకుండా, అలాంటి తలగాయాల వివరాలన్నీ పోగుచేసి 1941లో ప్రచురించాడు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్ల సంగతేమిటో, లేనివాళ్ల సంగతేమిటో అందులో తేలింది. సీటు బెల్టు కథా అంతే. 1959లో నిల్స్ బోలిన్ వోల్వో కార్లకి మూడుచోట్ల పట్టివుంచే బెల్టు తయారుచేశాడు. 1967లో 28,000 ప్రమాదాల వివరాలు లెక్కకట్టి చూపిస్తే గానీ, దాని మేలు లోకం తలకెక్కలేదు. ఎవరో ఎక్కడో ఓపిగ్గా "ఎడమ పక్క, రెండంగుళాలు" అని రాసుకోబట్టే ఈనాడు మన పిల్లలు క్షేమంగా ఇంటికొస్తున్నారు.

మన దేశం సంగతి చెప్పలేదు కదూ? 1860లో చేసిన శిక్షాస్మృతి 'తీవ్రమైన గాయం' అంటే ఏమిటో ఎనిమిది రకాలుగా చెప్పింది. కన్ను పోవడం, చెవి పోవడం, ఎముక విరగడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం, ఇలాంటివి. చివరిదాంట్లో ఒక మాటుంది. మనిషి 20 రోజులపాటు తన మామూలు పనులు చేసుకోలేకపోతే అదీ తీవ్రమైన గాయమేనట. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో ఆ 20 కాస్తా 15 అయింది.

మామూలు పనులు! ఆఫీసుకి వెళ్లేవాడికైతే సెలవు చీటీ ఉంటుంది. మరి ఇల్లాలికి? ఆవిడ మామూలు పనులెన్నో ఎవరు లెక్కరాశారు?

కోర్టులు ఆ లెక్కకి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఒక అగ్నిప్రమాదం కేసులో 2001లో సుప్రీంకోర్టు ఇల్లాలి చాకిరీకి నెలకి 3,000 రూపాయలని వెలకట్టింది. 2010లో ఇంకో కేసులో, జనాభా లెక్కల్లో ఇల్లాళ్లని బిచ్చగాళ్లతోనూ ఖైదీలతోనూ కలిపి 'పని చెయ్యనివాళ్ల' కింద రాసేశారని అదే కోర్టు తప్పు పట్టింది. 2021 జనవరిలో వచ్చిన తీర్పులో అప్పటి కృష్ణాజిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణగారు, 2019 నాటి సర్వే లెక్క ఎత్తి చూపించారు. జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 97 నిమిషాలట. ఈ ముక్క చదివి వినిపిస్తే మా అన్నయ్య, "97 ఎక్కువ రాశారేమో!" అన్నాడు. నిజం ఒప్పుకున్నాడు, పాపం.

ఇంతకీ వదిన కేసు ఏమైందంటారా? మా వకీలుగారు తల పట్టుకుని, "ఏదైనా కాగితం ఉందా అమ్మా? తారీకున్నది ఏదైనా సరే" అన్నారు. వదిన నసుగుతూ లోపలికి వెళ్లి వంటింటి క్యాలెండరు పట్టుకొచ్చింది. పాలు ఎన్ని లీటర్లు, గ్యాసు ఎప్పుడొచ్చింది, చాకలి పద్దెంత, అన్నీ అందులోనే రాసుకుంటుంది కదా. ప్రమాదం మర్నాడు తారీకు గడిలో, చీమ తలకాయంత అక్షరాలతో "కుడిచెయ్యి నొప్పి. అమృతాంజనం" అని ఉంది. మూడో రోజున "గిన్నె ఎత్తలేకపోయాను". ఆరో రోజున "జడ వేసుకోలేదు". పన్నెండో రోజు నుంచి వంటమనిషి వచ్చిన రోజులూ, ఇచ్చిన డబ్బులూ.

మా ఎదురుగా ఉండి మాకెవరికీ చెప్పని మాట గోడకి చెప్పుకుంది!

వకీలుగారి ముఖం వెలిగిపోయింది. ఎక్స్‌రే తారీకూ, క్యాలెండరూ పక్కపక్కన పెట్టి చూపించారు. న్యాయమూర్తిగారు ఆ గళ్లన్నీ ఓపిగ్గా తిరగేశారు. వచ్చిన సొమ్ము గొప్పదేం కాదు. కానీ తీర్పు కాగితంలో వదిన పేరూ, ఆవిడ విరిగిన ఎముకా, ఆవిడ చెయ్యలేకపోయిన వంటా మూడూ రాసి ఉన్నాయి. ఆ పేజీని వదిన మూడుసార్లు చదివించుకుంది.

అందుకే అందరికీ చెబుతున్నాను. అలాంటి రోజు మీకెవ్వరికీ రాకూడదు. వస్తే మాత్రం డాక్టరు అడిగినప్పుడు ఒళ్లంతా ఒకసారి తడుముకుని చూసుకోండి. చిన్నదైనా చెప్పండి. కమిలిన దెబ్బ ఒక్కోసారి రెండోరోజుకి గానీ బయటపడదు. అప్పుడైనా మళ్లీ వెళ్లి రాయించుకోండి, తారీకు వేసి ఫొటో తీయించుకోండి.

మొన్న వదిన మెట్ల మీద కాలు జారింది. నేను పరుగెత్తుకెళ్లి "ఏమైంది వదినా?" అన్నాను.

"నాకేం కాలే..." అని టక్కున ఆగిపోయి, కాసేపు నా మొహం చూసి నవ్వేసింది.

"సరే, రాసుకో. కుడి మోకాలు, కమిలింది, రెండంగుళాలు."